అనంతపురం నుంచి లింక్డిన్, నౌకరీ వాడి చూశాక

ముందే తేల్చి చెప్పేస్తాను. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు లింక్డిన్, నౌకరీ సైట్లు రెండూ కావాలి, రెండూ ఉచిత ఖాతాలతోనే సరిపోతాయి, మీ ప్రొఫైల్ మేం రాసిపెడతాం అని వేలకు వేలు అడిగేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. అసలు ఈ చివరి మాట కోసమే ఇంత రాస్తున్నాను. సప్తగిరి సర్కిల్ దగ్గర నిలబడితే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇప్పుడు ఇలాంటి బోర్డులు కూడా కనబడుతున్నాయి, ఇన్‌స్టాలో అయితే చెప్పనక్కర్లేదు. చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లల టెన్షన్ మీద జరిగే బేరం ఇది, చూస్తుంటే కడుపు మండుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. నాది బీకాం, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) కింద ఉన్న కాలేజీలో. బెంగళూరులో అకౌంట్స్ పని చేస్తుండగా అమ్మ ఆరోగ్యం బాగోలేక అనంతపురం వచ్చేశాను, ఆమె కోలుకున్నాక మళ్లీ ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాను. అదే టైమ్‌లో మా చిన్నాన్న కొడుకు బీటెక్ కంప్యూటర్స్ ముగించి ఇంట్లో ఉన్నాడు. ఇద్దరం ఒకే టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని ఈ సైట్లతో కుస్తీ పట్టాం కాబట్టి ఇందులో అకౌంట్స్ వాళ్ల అనుభవమూ ఉంది, సాఫ్ట్‌వేర్ పిల్లల అనుభవమూ ఉంది. రెండూ ఒకటి కావు, అది చాలామంది పట్టించుకోరు.

నౌకరీతో మొదలుపెడతా. 1997 నుంచి ఉన్న సైట్, ఇన్ఫో ఎడ్జ్ అనే కంపెనీది, మన దేశంలో హెచ్‌ఆర్ పని చేసే ఎవరినడిగినా తెలుస్తుంది. మనకు కనబడేది ఒక వైపు మాత్రమే. అవతలి వైపు కంపెనీల వాళ్లు, కన్సల్టెన్సీల వాళ్లు డబ్బు కట్టి రెజ్డెక్స్ అనే రెజ్యూమేల డేటాబేస్‌లో వెతుకుతుంటారు. ఏ పని వచ్చినవాళ్లు కావాలి, ఎన్నేళ్ల అనుభవం, ఏ ఊరు, జీతం ఎంతలో, ఎన్నాళ్లకు చేరగలరు, ఈమధ్య సైట్‌లోకి వచ్చారా లేదా, ఇవన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడలు. మన రెజ్యూమే ఎంత అందంగా ఉన్నా వాటిలోంచి కిందికి దిగకపోతే ఎవరి కంటా పడదు. ఇది తెలిసినవాళ్లు ప్రొఫైల్ రాసే పద్ధతే వేరుగా ఉంటుంది.

ఉదాహరణకు రెజ్యూమే హెడ్‌లైన్ తీసుకోండి. మనవాళ్లలో చాలామంది అక్కడ 'సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలు చూపే అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను' అనే ధోరణిలో ఒక ఇంగ్లిష్ వాక్యం పెడతారు. దీన్ని ఎవరు వెతుకుతారు చెప్పండి? అవతల కూర్చున్న మనిషి టైప్ చేసేది 'టాలీ' అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పేరు, 'జీఎస్టీ', 'టీడీఎస్' అనే పన్నుల పేర్లు. నేను పెట్టింది ఇది, పెట్టడం ఇంగ్లిష్‌లోనే పెట్టాను: 'అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి, టీడీఎస్ రిటర్న్స్, టాలీ ప్రైమ్, బ్యాంక్ రికన్సిలియేషన్, వెంటనే చేరగలను.' జీఎస్టీఆర్-1 అంటే నెల అమ్మకాల రిటర్న్, 3బి అంటే కట్టాల్సిన పన్ను లెక్క తేల్చే రిటర్న్. చదవడానికి ఏ సొగసూ లేదు, కానీ ఇందులో ప్రతి మాటా ఎవరో ఒకరు వెతికే మాటే. కీ స్కిల్స్ దగ్గర కూడా 'అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం' అని రాస్తే టాలీ అని వెతికేవాళ్లకు మీరు దొరకరు, టాలీ అని పేరు పెట్టి రాయాల్సిందే.

నోటీస్ పీరియడ్ గడి ఖాళీగా వదిలేసేవాళ్లు కూడా చాలామందే. 15 రోజులు లేదా అంతకంటే తక్కువ, ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు అని అక్కడ ఉంటుంది. ఖాళీగా ఉన్నవాళ్లం, వెంటనే చేరగలం, అది మన బలం, దాన్ని దాచుకుంటే ఎలా? నెలాఖరులో మనిషి మానేసి తల పట్టుకున్న కంపెనీకి కావాల్సింది రేపో ఎల్లుండో వచ్చి కూర్చునే మనిషే కదా.

రోజూ పొద్దున్నే ప్రొఫైల్‌లో ఒక ఫుల్‌స్టాప్ మార్చి సేవ్ చేస్తే పైకి వస్తామని యూట్యూబ్‌లో చెప్తారు. ఈమధ్య సైట్‌లోకి వచ్చినవాళ్లనే చూపించు అని రిక్రూటర్ అడిగే వీలుంది కాబట్టి అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ దానికి రోజూ ఫుల్‌స్టాప్‌ల పూజ అక్కర్లేదు. సైట్‌లోకి వెళ్లి నాలుగు ఉద్యోగాలు చూసి, ఆ వారం కొత్తగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే చేర్చితే చాలు. మీరు ఎన్నిసార్లు వెతుకులాటలో కనబడ్డారో, రిక్రూటర్లు మీ ప్రొఫైల్ మీద ఏం చేశారో అక్కడే చూపిస్తుంది. హెడ్‌లైన్ మార్చాక ఆ అంకె పెరిగిందా తగ్గిందా చూసుకుంటే ఏ మాట పని చేస్తోందో మీకే తెలిసిపోతుంది, ఇంకెవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

ఇక లింక్డిన్. 2003లో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. నౌకరీలో మీరు ఒక రెజ్యూమే, లింక్డిన్‌లో మీరు ఒక మనిషి, తేడా అంతే. మీ పేరు గూగుల్‌లో కొడితే చాలాసార్లు మొదటి పేజీలో వచ్చేది లింక్డిన్ ప్రొఫైలే. నౌకరీలో మిమ్మల్ని పట్టుకున్న హెచ్‌ఆర్ కూడా ఫోన్ చేసే ముందు ఒకసారి ఇక్కడికి వచ్చి చూస్తుంది. అప్పుడు అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి ఉంటే అనుమానం మొదలవుతుంది. చేరిన నెల, మానేసిన నెల, కంపెనీ పేరు, డిగ్రీ అయిన సంవత్సరం, ఈ నాలుగూ రెజ్యూమేలో, నౌకరీలో, లింక్డిన్‌లో ఒకేలా ఉండాలి. మధ్యలో గ్యాప్ ఉంటే దాచొద్దు. నేను 'కుటుంబంలో అనారోగ్యం వల్ల విరామం' అని లింక్డిన్‌లో కెరీర్ బ్రేక్ అనే విభాగంలోనే పెట్టాను. అడిగిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒక్క ప్రశ్నతో అయిపోయింది ఆ విషయం.

లింక్డిన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటుంటుంది, అబౌట్ విభాగానికి 2,600 దాకా. అంత చోటుంది కదా అని నింపక్కర్లేదు. మొదటి రెండు మూడు వరుసలే పైకి కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకని అసలు సంగతి ఆ రెండు వరుసల్లోనే పెట్టాలి. నా అబౌట్ మొదలయ్యేది ఇలా: 'హోల్‌సేల్ వ్యాపారం చేసే సంస్థకు అమ్మకాల, కొనుగోళ్ల పద్దులు చూశాను. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు 3బి వెళ్లేలా చూడటం నా బాధ్యత.' అంతే, కష్టజీవిని, నిజాయితీపరుడిని, టీమ్ ప్లేయర్‌ని అని ఒక్క విశేషణం కూడా లేదు. అకౌంట్స్ తెలిసినవాడు ఆ తేదీలు చదవగానే ఈ మనిషి నిజంగా ఆ కుర్చీలో కూర్చుందని గుర్తుపడతాడు.

ఇక్కడ అకౌంట్స్ వాళ్లకు ఒక చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు తమ కోడ్ చూపిస్తారు, డిజైన్ వాళ్లు బొమ్మలు చూపిస్తారు, మనం ఏం చూపిస్తాం? పాత కంపెనీ రిటర్నులు, లెడ్జర్ల స్క్రీన్‌షాట్లు పెట్టడం తప్పు, ఎంత పేర్లు చెరిపినా అది వాళ్ల సొత్తు. నేను చేసిందేమిటంటే, నెలనెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బితో, అంటే సప్లయర్లు చూపించిన మన కొనుగోళ్ల పట్టీతో, కొనుగోళ్ల రిజిస్టర్‌ను ఎక్సెల్‌లో ఎలా సరిచూస్తానో, ఇన్‌వాయిస్ నంబర్‌లో సప్లయర్ ఒక గీత ఎక్కువ కొడితే ఎక్స్‌లుకప్ ఫార్ములా ఎందుకు పట్టుకోదో, ఆ గీతలు ఎలా తీసేస్తానో, ఉత్తుత్తి అంకెలతో చిన్న పోస్ట్ రాశాను. లైకులు పెద్దగా రాలేదు, రావాలని కూడా అనుకోలేదు. కానీ బెంగళూరులో ఒక సీఏ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, మాట్లాడదామని. మోటివేషన్ కథలు, 'ఈరోజు ఇంటర్వ్యూకు వెళ్తుంటే ఒక ముసలాయన కనిపించాడు' లాంటి కల్పనలు రాసే బదులు మీ పనిలోంచి ఒక్క ముక్క ఇలా రాయండి, చాలు.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది. లింక్డిన్ ఏమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఇస్తుంది. మా వాడి క్లాసులో ఒకే పేరున్న లక్ష్మీలు, వెంకటేశ్‌లు ఎంతమందో, అందరూ 'కె. వెంకటేశ్' అని పెట్టుకుంటే ఎవరు ఎవరో ఎలా తెలియాలి? నా సలహా అయితే టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ప్రమాణంగా పెట్టుకోండి, ఇంటిపేరు పూర్తిగా లాస్ట్ నేమ్ గడిలో వేయండి, నౌకరీలో, రెజ్యూమేలో, మెయిల్ ఐడీలో అదే ఉండనివ్వండి. చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పేరు తేడా వస్తే అఫిడవిట్లు అడుగుతారు, అప్పుడు నోటరీల చుట్టూ తిరగాలి. ఆడపిల్లలైతే పెళ్లయ్యాక ఫేస్‌బుక్‌లో మార్చుకున్న ఇంటిపేరు ఇక్కడ పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి, సర్టిఫికెట్లు పాత పేరుతోనే ఉంటాయి. లింక్డిన్‌లో డిజీలాకర్ ద్వారా ఆధార్‌తో పేరు ధ్రువీకరించుకునే వీలు కూడా ఉంది, డబ్బులేమీ లేవు. చేసుకుంటే ప్రొఫైల్ పేరు పక్కన గుర్తు వస్తుంది.

ఫోటోకు స్టూడియో అక్కర్లేదు. నీలం రంగు బ్యాక్‌గ్రౌండ్ పాస్‌పోర్ట్ ఫోటో హాల్‌టికెట్ మీద అతికించినట్టు ఉంటుంది. పొద్దున ఎండ ముదరకముందు మేడ మీద గోడ ముందు నిలబడి ఫోన్‌లో తీయించుకుంటే బ్రహ్మాండంగా వస్తుంది. పెళ్లి ఫోటోలోంచి పక్కవాళ్లను కత్తిరించి పెట్టకండి, భుజం మీద వాళ్ల చెయ్యి మిగిలిపోతుంది.

ప్రొఫైల్ లింక్ సంగతి కూడా చెప్పాలి. మొదట్లో మీ పేరు వెనుక ఏవో అక్షరాలు, అంకెలు తగిలించి ఇస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని శుభ్రంగా మీ పేరుగా మార్చుకుని రెజ్యూమే పైన పెట్టుకోవచ్చు. యాప్‌ను తెలుగులో కూడా చూసుకోవచ్చు, మెనూలు అర్థం కావడానికి అది బాగానే ఉంది, కానీ ప్రొఫైల్ మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయండి, వెతికేవాళ్లు ఇంగ్లిష్‌లోనే వెతుకుతారు. ప్రీమియం గురించి చాలామంది అడుగుతారు. మొదటి నెల ఉచితంగా ఇస్తారు, కార్డ్ వివరాలు అడుగుతారు, వద్దనుకుంటే గడువుకు ముందే రద్దు చేసుకోవాలి. మీ ప్రొఫైల్ ఎవరు చూశారో పూర్తిగా తెలుస్తుంది, మీకు తెలియనివాళ్లకు కూడా కొన్ని మెసేజ్‌లు పంపొచ్చు. నాకైతే అది లేకుండానే పని జరిగింది.

ఇప్పుడు ఆ డబ్బు తీసుకునే సర్వీస్ గురించి. పేరు రాయను. మా వాడు నాకు చెప్పకుండానే ఇన్‌స్టాలో చూసి నాలుగు వేలు కట్టేశాడు. 'లింక్డిన్ మేకోవర్, నౌకరీ బూస్ట్, ఇంటర్వ్యూ కాల్స్ గ్యారంటీ' అని ప్యాకేజీ. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

"అక్కా, వాళ్లు పాస్‌వర్డ్ అడిగినారు. వాళ్లే లోపలికి పోయి మార్చాల కదా అన్నారు."

"నీ పాస్‌వర్డ్ వాళ్లకెందుకు రా? రాసింది నీకు పంపితే నువ్వే పెట్టుకోవచ్చు కదా?"

దానికి వాడి దగ్గర సమాధానం లేదు, వాళ్ల దగ్గరా లేదు. లోపలికి వెళ్లి వాళ్లు చేసిన పని చూస్తే నాకు నోట మాట రాలేదు. అబౌట్‌లో రాసిన ఇంగ్లిష్ ఏ మనిషికైనా సరిపోతుంది, అందుకే ఏ మనిషికీ సరిపోదు. పేరు మారిస్తే హోటల్ మేనేజర్‌కైనా పెట్టొచ్చు. స్కిల్స్‌లో వాడు జన్మలో ముట్టని కుబర్నెటిస్, ఏడబ్ల్యూఎస్ అనే క్లౌడ్ టెక్నాలజీలు చేర్చారు, కాల్స్ రావాలంటే ఉండాలట. కాల్ నిజంగానే ఒకటి వచ్చింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఆయన మొదటి ప్రశ్నే కుబర్నెటిస్‌లో పాడ్ అంటే ఏంటి అని. పక్క గదిలో ఉన్న నాకు వినపడింది, వీడి నుంచి చప్పుడు లేదు. కాసేపటికి 'సార్, అది నాకు రాదు, ప్రొఫైల్ వేరేవాళ్లు రాశారు' అని నిజం చెప్పాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు కానీ ఆ ఇంటర్వ్యూ అక్కడితో సరి.

అంతటితో ఆగలేదు. కనెక్షన్లు 500 దాటిస్తామన్న మాట నిలబెట్టుకోవడానికి ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి ముక్కూమొహం తెలియనివాళ్లకు వరసగా రిక్వెస్టులు పంపారు. ఇలాంటి ఆటోమేటిక్ టూల్స్ వాడకూడదని లింక్డిన్ నిబంధనల్లోనే ఉంది. ఖాతా మీద ఆంక్ష పడింది, గుర్తింపు కార్డు చూపించి తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే ఆ సర్వీసువాళ్లు 'మా వైపు నుంచి డెలివరీ అయిపోయింది' అన్నారు. నాలుగు వేలంటే వాళ్ల నాన్నకు ఎన్ని రోజుల కూలీయో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సర్వీస్‌కు నేనిచ్చేది 5కి సున్నా.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని వాడి ప్రొఫైల్ మొత్తం చెరిపి మళ్లీ రాశాం. రాని స్కిల్స్ తీసేస్తే మిగిలినవి పైథాన్, ఎస్‌క్యూఎల్, కొంచెం జావాస్క్రిప్ట్. వాడికి మొహం చిన్నబోయింది. అప్పుడే, రాసిన కోడ్ అందరికీ చూపించే గిట్‌హబ్ సైట్ మీద పడ్డాం. గిట్‌హబ్‌లో చాలామంది పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అని పెట్టేవి ఒకే రకం, సీనియర్ల నుంచి వచ్చినవి, చూసేవాళ్లకు అది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. వీడి నాన్న శనక్కాయల మండీలో పని చేస్తాడు. ఆదోని మార్కెట్ యార్డులో ధర ఎంత, కర్నూలులో ఎంత అని రోజూ ఇంట్లో మాట్లాడుకునేదే. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఉంటాయి కదా, వాటిని తీసుకుని ఏ యార్డులో ఏ నెలలో శనక్కాయల ధర ఎలా నడిచిందో గ్రాఫ్‌గా చూపించే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ప్రాజెక్ట్ గురించి వివరించే రీడ్‌మీ ఫైల్‌లో ఎందుకు చేశాడు, డేటా ఎక్కడిది, ఏ రోజుల్లో డేటా లేదు, లేని రోజులను ఏం చేశాడు, అన్నీ సొంత ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు, గ్రామర్ అక్కడక్కడా తప్పుతో సహా. తర్వాతి ఇంటర్వ్యూల్లో దాని గురించే అడిగారు, ఆపకుండా చెప్పాడు. డేటా లేని రోజుల ప్రశ్న వస్తే వాడి కళ్లు వెలిగేవి. ఇప్పుడు బెంగళూరులో చిన్న కంపెనీలో ఇంటర్న్‌గా ఉన్నాడు, పర్మినెంట్ చేస్తారో లేదో ఇంకా చెప్పలేదు.

లింక్డిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, చాలామంది ముట్టుకోనిది, యూనివర్సిటీ పేజీలో ఉండే అలుమ్నై, అంటే పాత విద్యార్థుల, విభాగం. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అని కానీ, జేఎన్‌టీయూ అనంతపురం అని కానీ వెతికి ఆ పేజీలోకి వెళ్లండి. అక్కడ చదివినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు, ఎక్కడ పని చేస్తున్నారు, ఏం పని చేస్తున్నారు, ఏం చదివారు అని వడగట్టి చూపిస్తుంది. బెంగళూరు, ఫైనాన్స్ అని పెట్టేసరికి మన ఊరి పేర్లు, మన ఇంటిపేర్లు వరసగా కనబడ్డాయి, ఇంతమంది ఉన్నారా అనిపించింది. జేఎన్‌టీయూ అయితే 1946 నాటి ఇంజినీరింగ్ కాలేజీ, దాని పాత విద్యార్థులు ఎక్కడెక్కడో ఉంటారు, ఆ వల మనకు ఉచితంగా దొరుకుతుంటే వాడుకోకపోవడం ఏంటి?

కాకపోతే రాసే పద్ధతి ఒకటుంటుంది. 'సార్ ప్లీజ్ ఎనీ ఓపెనింగ్స్' అని రెజ్యూమే విసిరేస్తే ఎవరూ పలకరు. నేను ఒకావిడకు ఇలా పెట్టాను: 'నమస్తే మేడం, నేను కూడా ఎస్కేయూ బీకాం. మీరు తయారీ కంపెనీలో అకౌంట్స్ పేయబుల్ చూస్తున్నారని ప్రొఫైల్‌లో చూశాను. నేను ట్రేడింగ్ వైపు చేశాను. తయారీ వైపు మారాలంటే ముందు ఏం నేర్చుకోవాలో వీలున్నప్పుడు చెప్తారా?' ఉద్యోగం అడగలేదు. రెండు రోజుల్లో చాలా వివరంగా రాసింది, పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఏ మాడ్యూల్ చూడాలో కూడా చెప్పింది. ఆ తర్వాత ఖాళీ వచ్చినప్పుడు తనే గుర్తుపెట్టుకుని మెసేజ్ చేసింది. చివరికి నాకు ఉద్యోగం వచ్చింది అక్కడ కాదు, నౌకరీ కాల్ ద్వారా వేరే చోట, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి చేసుకునే వీలుతో. అయినా ఆ మేడం ఇచ్చిన సలహాతోనే ఆ ఇంటర్వ్యూ గట్టెక్కాను.

సైట్లు ఎంత బాగా పెట్టుకున్నా ఫోన్ సంగతి మర్చిపోతే లాభం లేదు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు వాట్సాప్‌లోనే ఇంటర్వ్యూ టైమ్ పంపుతున్నారు. అక్కడ డీపీలో హీరో బొమ్మ, స్టేటస్‌లో పార్టీ పాట ఉంటే వాళ్లకు మొదట కనబడేది అదే. ట్రూకాలర్‌లో మీ నంబర్ ఏ పేరుతో వస్తుందో ఇంకొకరి ఫోన్‌లో చూడండి. మా వాడి నంబర్ అంతకుముందు వాళ్ల నాన్న వాడింది, 'శనక్కాయల మండీ' అని వచ్చేది. యాప్‌లో ఖాతా పెట్టుకుని సొంత పేరుకు మార్చుకోవచ్చు, మార్చాం. గూగుల్‌లో మీ పేరు, ఊరు కలిపి కొట్టి చూడండి, బ్రౌజర్‌ను ఇన్‌కాగ్నిటోలో పెట్టి. ఫేస్‌బుక్‌లో కాలేజీ రోజుల్లో పార్టీల గురించి రాసిన తిట్లు ఉంటే, మన సీమలో అవి ఎంత ఘాటుగా ఉంటాయో చెప్పక్కర్లేదు, పాత పోస్టులన్నీ ఒకేసారి స్నేహితులకు మాత్రమే కనబడేలా చేసే సెట్టింగ్ ఉంది. అభిప్రాయాలు వదులుకోమని చెప్పడం లేదు, మీ రాజకీయాలు మీ ఇష్టం. ఉద్యోగం ఇచ్చే మనిషి మొదట చూసేది మీ పని కావాలి, అంతే.

నంబర్ బయటపెట్టాక దొంగ ఫోన్లు కూడా వస్తాయి, రాకుండా ఉండవు. నాకు ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పి 'మీరు సెలెక్ట్ అయ్యారు, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి' అని ఒకడు ఫోన్ చేశాడు, ఆఫర్ లెటర్ కూడా లోగోతో సహా పంపాడు. మెయిల్ చూస్తే జీమెయిల్. ఉద్యోగం ఇవ్వడానికి మన దగ్గర డబ్బు అడిగినవాడు ఎవడైనా సరే దొంగే, రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇవన్నీ చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. అనంతపురంలోనే ఉద్యోగం కావాలంటే ఈ రెండు సైట్లతో పెద్దగా అయ్యేది లేదు. సుభాష్ రోడ్డులో ఆడిటర్ దగ్గర మనిషి కావాలంటే ఆయన సైట్‌లో పెట్టడు, తెలిసినవాళ్లను అడుగుతాడు. ఇక్కడ పనికి ఇప్పటికీ నోటి మాటే, నేను కూడా కమలానగర్‌లో ఒక ఆఫీసులో అలాగే అడిగి వచ్చాను. పెనుకొండ వైపు కియా కార్ల ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న కంపెనీలైతే కొంత నయం, వాటి ప్రకటనలు రెండు చోట్లా అప్పుడప్పుడు కనబడ్డాయి. కానీ బెంగళూరుకు మనం 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాం, అక్కడి ఉద్యోగాలకు ఊళ్లోనే ఉండి అప్లై చేయడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. రెండు సైట్లలోనూ ఇష్టమైన ఊళ్లు ఒకటికి మించి పెట్టుకోవచ్చు, అనంతపురం ఒక్కటే పెట్టి కాల్స్ రావట్లేదని బాధపడకండి. నా మార్కులు: అకౌంట్స్ లాంటి పనులకు నౌకరీకి 5కి 4, లింక్డిన్‌కు 3. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్లకైతే లింక్డిన్‌కు 4, అదీ గిట్‌హబ్‌తో కలిపి వాడితే.

ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోండి. లింక్డిన్‌లో 'ఓపెన్ టు వర్క్' రెండు రకాలుగా పెట్టొచ్చు, ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీతో అందరికీ తెలిసేలా ఒకటి, రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా ఒకటి. రెండోది పెడితే మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామంటారు కానీ పూర్తి హామీ ఇవ్వలేమని కూడా వాళ్లే రాసి పెట్టారు, అది చదవకుండా ముందుకు పోవద్దు. నౌకరీలో మీ ఇప్పటి కంపెనీని బ్లాక్ చేసే వీలుంది, అది ముందు చేసి తర్వాతే రెజ్యూమే అప్‌డేట్ చేయండి. ఉద్యోగంలో చేరాక నౌకరీ ప్రొఫైల్ రిక్రూటర్లకు కనబడకుండా సెట్టింగ్ మార్చుకోండి, లేదంటే కొత్త ఆఫీసులో మేనేజర్ పక్కన కూర్చున్నప్పుడు కన్సల్టెన్సీ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. లింక్డిన్‌లో మాత్రం ఆకుపచ్చ పట్టీ తీసేసి, కొత్త ఉద్యోగం చేర్చి, ఖాతా అలాగే ఉంచండి. అలుమ్నై పేజీలో మన ఊరి పిల్లలు బెంగళూరు అని పెట్టి వెతికినప్పుడు మీ పేరు కూడా రావాలి కదా.